కప్పు కళాశాలకు, మరి క్రీడాకారునికి?

ప్రతి కళాశాల వార్షిక సంచికలోను రెండు మూడు పుటలు క్రీడాజట్ల ఛాయాచిత్రాలకు కేటాయించడం ఆనవాయితీ. ముందువరుసలో ప్రిన్సిపాల్ గారు, వ్యాయామోపాధ్యాయులు, ఒకరిద్దరు అధ్యాపకులు కుర్చీలలో ఆసీనులై ఉంటారు. వారి వెనుక కుర్రవాళ్ళు చేతులు కట్టుకొని నిలబడి ఉంటారు. నడుమ చిన్న బల్లమీద గెలిచిన కప్పు ఉంటుంది. తర్వాత ఆ కప్పు ప్రిన్సిపాల్ గారి గదిలోని అద్దాల బీరువాలోకి చేరుతుంది. దానిమీద చెక్కిన సంవత్సరమూ, పోటీ పేరూ చిరకాలం నిలిచి ఉంటాయి. కాని ఆ కప్పును గెలిచి తెచ్చిన కుర్రవాళ్ళు ఏమైనారో చెప్పే బీరువా ఏ కళాశాలలోను మాకు కనబడలేదు.

కళాశాల తన క్రీడాకారునికి ఎంతవరకు ఋణపడి ఉన్నది? ఈ వ్యాసంలో మేము చర్చించదలచినది ఈ ఒక్క ప్రశ్ననే. ఇందుకు ఆధారంగా ఫిలిప్పీన్ దీవులకు చెందిన ఒక కళాశాల విద్యార్థి జీవితాన్ని తీసుకొంటున్నాము. అంత దూరం పోవలసిన అవసరమేమని పాఠకులు అడగవచ్చు. కళాశాల క్రీడ ఒక జాతి జీవితంలో ఎంత లోతుగా వేళ్ళూనగలదో తెలుసుకోవడానికి ఆ దేశానికి మించిన ఉదాహరణ ఆసియాలో మాకు కనబడదు. అదీగాక ఆ విద్యార్థి తన తొలి ఆసియా క్రీడల స్వర్ణపతకాన్ని అందుకొన్నది మన ఢిల్లీ నగరంలోనే. అదే సమయంలో, అదే నగరంలో మన హైదరాబాదు బడిపంతులు ఒకరు మరొక విజయాన్ని సాధించారు. ఆ ముచ్చట తర్వాత చెబుతాము.

ఆ విద్యార్థి పేరు కార్లోస్ లోయ్‌సాగా. ఆడిన ఆట బాస్కెట్‌బాల్.

మనకు క్రికెట్ ఎట్లాగో ఫిలిపినోలకు బాస్కెట్‌బాల్ అట్లాంటిది. మూడు శతాబ్దాలకు పైగా స్పెయిన్ ఏలుబడిలో ఉన్న ఆ దీవులు 1898లో అమెరికా అధీనంలోకి వచ్చాయి. అమెరికనులు పెట్టిన ప్రభుత్వ పాఠశాలల ద్వారా, వై.ఎం.సి.ఎ. సంస్థ ద్వారా ఈ ఆట అక్కడ ప్రవేశించింది. పరాయి పాలకులు తెచ్చిన ఆటే అయినా ప్రజలు దానిని తమదిగా చేసుకొన్నారు. 1913లో మనీలాలో జరిగిన తొలి దూరప్రాచ్య క్రీడోత్సవంలో ఫిలిపినోలే విజేతలు. 1924లో మనీలా కళాశాలలు కలిసి ఎన్.సి.ఎ.ఎ. అనే క్రీడాసంఘాన్ని స్థాపించుకొన్నాయి. బాస్కెట్‌బాల్ తొలిసారిగా ఒలింపిక్ పోటీలలో చేరిన 1936 బెర్లిన్ క్రీడలలో ఫిలిప్పీన్ జట్టు అయిదవ స్థానం పొందింది. ఒలింపిక్స్‌లో మరే ఆసియా పురుషుల జట్టూ నేటివరకు అంత పైస్థానాన్ని అందుకోలేదు.

ఈ ఆటకు విశాలమైన పచ్చిక మైదానం అక్కరలేదు. ఖరీదైన సరంజామా అక్కరలేదు. ఒక కొబ్బరిచెట్టుకో, గోడకో ఇనుపకడియం బిగిస్తే చాలు, వాడలోని పిల్లలందరికీ ఆటస్థలం సిద్ధం. పేదల పేటలలో ఈ ఆట వ్యాపించడానికి ఇది ముఖ్యకారణం. అయితే వాడలో ఆడే ఆట వాడలోనే ఆగిపోకుండా దేశం దాకా చేర్చినవి అక్కడి కళాశాలలు.

లోయ్‌సాగా 1930 ఆగస్టు 29న మిండోరో దీవిలోని సాన్ హోసేలో జన్మించాడు. పెరిగింది మనీలా నగరంలోని సాంటా మేసా పేటలో. అతని బాల్యాన్ని రెండవ ప్రపంచయుద్ధం మింగివేసింది. 1945 ఫిబ్రవరి, మార్చి మాసాలలో జపాను, అమెరికా సైన్యాల నడుమ జరిగిన పోరాటంలో మనీలా నేలమట్టమైనది. సుమారు లక్షమంది పౌరులు మరణించారని చరిత్రకారుల అంచనా. అప్పటికి లోయ్‌సాగా వయస్సు పదునాలుగేళ్ళు. ఆ మరుసటి ఏడాది, 1946 జులై 4న దేశం స్వతంత్రమైనది. కాని స్వాతంత్ర్యం వచ్చిననాటికి రాజధానిలో నిలిచి ఉన్న భవనాలకంటె కూలిన గోడలే ఎక్కువ. అట్లాంటి నగరంలో, ఇంటికి దగ్గరగా ఉన్న ఒక వాడ ఆటస్థలంలో అతడు బంతి పట్టడం నేర్చుకొన్నాడు.

ఇట్లాంటి కుర్రవాళ్ళు ఆనాడు మనీలాలో వేలమంది ఉండి ఉంటారు. వారిలో ఒకడు దేశానికంతటికీ తెలియడానికి మరికొన్ని తోడు కావలసి వచ్చాయి. మొదటిది, చూసి గుర్తించగల గురువు. ఫెలిసిసిమో ఫహార్డో అనే శిక్షకుని దృష్టి ఈ పొడగరి కుర్రవానిపై పడింది. ఆయన సాన్ బెడా కళాశాల జట్టుకు శిక్షకుడు. రెండవది, తెరచిన కళాశాల ద్వారం. సాన్ బెడా 1901లో బెనడిక్టైన్ క్రైస్తవ సన్యాసులు స్థాపించిన విద్యాసంస్థ. యుద్ధానంతరపు మనీలాలో, వాడ ఆటస్థలం నుంచి వచ్చిన కుర్రవానికి ఆ సంస్థలో చోటు దొరికింది. ఒక మతసమాజం నడిపే కళాశాలకు చేరువ ఆటస్థలంలోని ఆటగాడు ఎట్లా చేరగలడో దీనివల్ల తెలుస్తుంది. మనబోటి సంస్థలవారు ఈ విషయాన్ని ప్రత్యేకించి గమనించాలి.

లోయ్‌సాగా ఎత్తు ఆరడుగుల మూడు అంగుళాలు. ఫిలిపినోలలో అది చెప్పుకోదగిన ఎత్తేగాని, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్‌లో నడిమి స్థానంలో ఆడే ఆటగానికి అది ఎక్కువేమీ కాదు. నేలనుండి పదడుగుల ఎత్తున ఉండే బుట్టక్రింద నిలిచి, తనకంటె పొడవైన అమెరికనులతో, ఐరోపావారితో, దక్షిణ అమెరికావారితో తలపడవలసిన స్థానమది. ఆయన ఆ స్థానంలోనే నిలిచి గెలిచాడు. ఆయన ఉంటే ఆట ఫలితమే మారిపోతుందన్న ఉద్దేశంతో అక్కడి పత్రికలు, ప్రేక్షకులు ఆయనకు ‘ది బిగ్ డిఫరెన్స్’ అనే బిరుదు ఇచ్చారు.

ఆయన ఆడిన కాలంలో సాన్ బెడా కళాశాల 1951, 1952, 1955 సంవత్సరాలలో ఎన్.సి.ఎ.ఎ. విజేతగా నిలిచింది. ఆ మూడవ విజయంతో జమోరా కప్పు శాశ్వతంగా ఆ కళాశాల సొత్తయింది. ఆ కప్పు బీరువాకు చేరడంతోనే లోయ్‌సాగా కథ ముగిసి ఉంటే ఈ వ్యాసంతో పని ఉండేది కాదు.

1951 మార్చిలో ఢిల్లీ నేషనల్ స్టేడియంలో తొలి ఆసియా క్రీడలు ప్రారంభమయ్యాయి. ఆ క్రీడలలో ఫిలిప్పీన్ బాస్కెట్‌బాల్ జట్టు జపాన్, ఇరాన్, భారత్, బర్మా జట్లతో ఆడి స్వర్ణపతకం గెలిచింది. లోయ్‌సాగాకు అప్పటికి ఇరవై ఏళ్ళు నిండి కొన్ని నెలలే అయినది. ఆ తర్వాత 1954లో మనీలాలో, 1958లో టోక్యోలో, 1962లో జకార్తాలో వరుసగా అదే స్వర్ణాన్ని ఆయన దేశం నిలుపుకొన్నది. ఆ నాలుగింటిలోను ఆయన భాగస్వామి. 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో ఫిలిప్పీన్స్ తొమ్మిదవ స్థానంలోను, 1956 మెల్బోర్న్ క్రీడలలో ఏడవ స్థానంలోను నిలిచింది. ఆ రెండు జట్లలోను ఆయన ఉన్నాడు.

ఆయన జీవితంలో మిక్కిలి ప్రకాశవంతమైన ఘట్టం 1954లో బ్రెజిల్ దేశపు రియో డి జెనీరోలో జరిగిన ప్రపంచ బాస్కెట్‌బాల్ పోటీ. పన్నెండు దేశాలు పాల్గొన్న ఆ పోటీలో అమెరికా ప్రథమ స్థానం, బ్రెజిల్ ద్వితీయ స్థానం పొందాయి. మూడవ స్థానం ఫిలిప్పీన్స్‌ది. ఉరుగ్వే జట్టును 67–63 తేడాతో ఓడించి ఆ దేశం కాంస్యపతకాన్ని దక్కించుకొన్నది. సగటున ఆటకు 16.4 పాయింట్లు సాధించిన లోయ్‌సాగా ఆ పోటీలో ఎంపికైన అయిదుగురు ఉత్తమ క్రీడాకారులలో ఒకడు. యుద్ధంలో నేలమట్టమైన నగరం నుంచి తొమ్మిదేళ్ళలో ఒక కుర్రవాడు అక్కడికి చేరుకొన్నాడు. ఆ ప్రపంచ పోటీలో ఏ ఆసియా దేశమూ ఆ కాంస్యాన్ని మించిన పతకం నేటివరకు పొందలేదు.

ఇక మూడవ తోడు జీవనోపాధి. ఈ మాట ఎత్తకుండా క్రీడాకారుల ఘనతను కీర్తించేవారిని మేము నమ్మలేము. ఆ రోజులలో ఫిలిప్పీన్స్‌లో వృత్తిక్రీడాసంఘం లేదు. ఆసియాలోనే తొలిదైన పి.బి.ఎ. అనే వృత్తిక్రీడాసంఘం అక్కడ 1975లో గాని ఏర్పడలేదు. అంతవరకు కళాశాల విడిచిన ఆటగాళ్ళకు ఆశ్రయమిచ్చినవి వర్తక, పారిశ్రామిక సంస్థల జట్లు. లోయ్‌సాగా రంగులు తయారుచేసే వై.సి.ఒ. అనే సంస్థ జట్టులో ఆడాడు. ఆట తర్వాత ఆట నేర్పడం ఆయన వృత్తి అయినది. 1967లో సియోల్‌లో ఆసియా విజేతగా నిలిచిన ఫిలిప్పీన్ జట్టుకు, 1968లో మెక్సికో ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టుకు శిక్షకుడు ఆయనే. తనను చూసి గుర్తించిన గురువు స్థానంలోకి తానే వచ్చి, తన తర్వాతి తరాన్ని తీర్చిదిద్దాడు. 2016 జనవరి 27న, ఎనభై అయిదేళ్ళ వయస్సులో ఆయన కన్నుమూశాడు. 2023లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఆయన పేరును తన కీర్తిమందిరంలో చేర్చింది.

ఇంటిదగ్గర ఆటస్థలం, చూసే కన్ను ఉన్న గురువు, తెరచిన కళాశాల ద్వారం, ఆట ముగిసిన తర్వాత కూడు పెట్టే వృత్తి. ఈ నాలుగూ కలిస్తేనే ఒక లోయ్‌సాగా. ప్రతిభ దైవదత్తమే కావచ్చు. దానికి ఈ నాలుగు కాళ్ళను అమర్చవలసింది మాత్రం మనుష్యులే.

ఇప్పుడు పైన వాయిదా వేసిన ముచ్చటకు వద్దాము. 1951 మార్చిలో ఫిలిప్పీన్ జట్టు ఢిల్లీలో బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచిన ఆ క్రీడలలోనే, భారత ఫుట్‌బాల్ జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ జట్టు శిక్షకులు హైదరాబాదు వాస్తవ్యులైన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ గారు. వృత్తిచేత ఉపాధ్యాయులు. వారు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 మొదలు 1954 వరకు అయిదేళ్ళు వరుసగా బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు సెమీఫైనల్ దాకా వెళ్ళి నాలుగవ స్థానంలో నిలిచింది. 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మరల స్వర్ణం సాధించింది. అప్పటికే కాన్సర్ వ్యాధితో బాధపడుతున్న రహీం సాహెబ్ గారు 1963 జూన్ 11న పరమపదించారు. 2024లో వారి జీవితం హిందీ చలనచిత్రంగా వచ్చేవరకు ఈ తరం యువకులలో అనేకులకు వారి పేరే తెలియదు.

ఢిల్లీ, హెల్సింకి, మెల్బోర్న్, జకార్తా నాలుగు చోట్లా వేరువేరు ఆటలలో ఈ ఇరువురి జట్లూ పాల్గొన్నాయి. వారు ఒకరినొకరు ఎరుగుదురో లేదో మేము చెప్పబోము. కాని వారి తర్వాత జరిగినదానిలో ఉన్న పోలిక మాత్రం స్పష్టంగా కనబడుతున్నది. 1962 తర్వాత ఆసియా క్రీడల బాస్కెట్‌బాల్ స్వర్ణం కోసం ఫిలిప్పీన్స్ అరవై ఒక్క ఏళ్ళు ఎదురుచూడవలసి వచ్చింది. 2023 అక్టోబరులో హాంగ్జౌలో జోర్డాన్‌ను 70–60తో ఓడించిన తర్వాతనే అది మరల ఆ దేశానికి దక్కింది. మన ఫుట్‌బాల్ స్వర్ణం సంగతి ఇంకా విచారకరం. 1962 తర్వాత అది మనకు నేటివరకు తిరిగిరాలేదు. ఒక మహాక్రీడాకారుడో, ఒక మహాగురువో వెలిసినప్పుడు వచ్చిన విజయం, వారిని తయారుచేసిన ఏర్పాటును నిలబెట్టకపోతే వారితోనే వెళ్ళిపోతుంది. ఒక్క దీపం వెలుగు చూసి మురిసిపోయి నూనె పోయడం మరచినవారికి మిగిలేది చీకటే.

ఇక్కడ మా అభిప్రాయానికి ఎదురయ్యే ఆక్షేపణలను కూడ పరిశీలించడం న్యాయం.

మొదటి ఆక్షేపణ తల్లిదండ్రులది. చదివి వ్రాసినవాడు నవాబు అవుతాడు, ఆటపాటల్లో పడినవాడు చెడిపోతాడు అనే అర్థం వచ్చే ఉర్దూ సామెత మన ఇళ్ళలో వినని పిల్లవాడు లేడు. ఈ మాట అన్నవారిని మూఢులని తీసిపారవేయడం తేలిక. కాని రెక్కాడితేగాని డొక్కాడని ఇంట్లో, పెద్దకొడుకు డిగ్రీ మీద ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకొన్నప్పుడు, ఆ తండ్రి భయంలో అసత్యమేమీ లేదు. ఆట ఆడే వయస్సు ముప్పై ఏళ్ళతో తీరిపోతుంది. బతుకు ఆ తర్వాత మరో ముప్పై నలభై ఏళ్ళు సాగాలి. కనుక ‘ఆడనివ్వండి’ అని ఆ తండ్రికి ఉపదేశించే ముందు, ‘మీవాని చదువు చెడకుండా చూసే పూచీ మాది’ అని చెప్పగల స్థితిలో కళాశాల ఉండాలి. ఆ పూచీ ఇవ్వలేని కళాశాలకు అతని కొడుకు ఆట మీద హక్కు లేదు.

రెండవ ఆక్షేపణ మావంటి అధ్యాపకులది. చదువు, ఆట ఒక ఒరలో ఇమడని రెండు కత్తులని మాలో చాలామంది విశ్వాసం. దీనికి ఫిలిప్పీన్స్ చరిత్రలోనే సమాధానం ఉన్నది. 1936 బెర్లిన్‌లో అయిదవ స్థానం పొందిన జట్టుకు నాయకుడు ఆంబ్రోసియో పడిల్లా. ఆయన న్యాయశాస్త్రం చదివి ఆ దేశపు సొలిసిటర్ జనరల్ పదవిని, 1957లో సెనేట్ సభ్యత్వాన్ని పొందాడు. బుట్టలో బంతి వేసిన చేయి శాసనాలు వ్రాయడానికి పనికిరాకుండా పోలేదు. రెండు కత్తులకు ఒర ఇరుకైనప్పుడు తప్పు కత్తులదని ఎందుకనుకోవాలి? ఒరను వెడల్పు చేయవలసినవారము మనమే.

మూడవ ఆక్షేపణ బలమైనది. ఫిలిప్పీన్స్‌లో కళాశాల క్రీడ నేడు ఏ స్థితికి చేరిందో చూడండని కొందరు అంటారు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. లోయ్‌సాగా కాలం తర్వాత అక్కడి విశ్వవిద్యాలయాల జట్లు పెద్ద వ్యవహారమయ్యాయి. ఆటలు టెలివిజన్‌లో ప్రసారమవుతాయి. ధనికులైన పూర్వవిద్యార్థులు తమ కళాశాల జట్టుకు పోషకులుగా ఉంటారు. పొడుగ్గా పెరుగుతున్న హైస్కూలు కుర్రవాని కోసం కళాశాలలు పోటీపడతాయి. ఆ కుర్రవాడు ఒక విద్యాసంస్థ విడిచి మరొకదానిలో చేరితే, కొంతకాలం ఆడకూడదనే నిబంధనలు అతని కాళ్ళకు సంకెలలయ్యాయి. చివరకు ప్రభుత్వమే జోక్యం చేసుకోవలసి వచ్చింది. 2015లో అక్కడి చట్టసభ విద్యార్థి క్రీడాకారుల రక్షణకై ప్రత్యేక శాసనం చేసింది. హైస్కూలు ముగించి కొత్తగా కళాశాలలో చేరే క్రీడాకారునిపై అట్టి నిరీక్షణ నిబంధన విధించరాదని, ఒక కళాశాల నుంచి మరొక కళాశాలకు మారినవారి విషయంలో అది ఒక సంవత్సరం మించరాదని ఆ శాసనం చెబుతున్నది. ఫీజులు, పుస్తకాలు, భోజన వసతి, వైద్యం, బీమా వంటి ఏ సహాయాలు కళాశాల ఇవ్వవచ్చునో ఒక పట్టికగా చెప్పి, దానికి మించిన ప్రలోభాలు కూడదన్నది.

2020లో జపాను దేశపు బి.లీగ్ ఆసియా ఆటగాళ్ళకు ప్రత్యేక స్థానం కల్పించింది. అటేనియో విశ్వవిద్యాలయంలో తన ఆటను పూర్తిచేసిన థర్డీ రవేనా ఆ విధంగా వెళ్ళిన తొలి ఫిలిపినో. ఆ బాటలో తర్వాత వెళ్ళినవారిలో కొందరు, కళాశాలలో ఆడవలసిన సంవత్సరాలు ఇంకా మిగిలి ఉండగానే వెళ్ళిపోయారు. వారిని తప్పుపట్టడానికి మాకు నోరు రాదు. కళాశాల తమను కప్పు కోసమే చేర్చుకొన్నదని గ్రహించిన కుర్రవాడు, తానూ కళాశాలను మెట్టుగానే వాడుకొంటే అందులో ఆశ్చర్యమేమున్నది?

కనుక ఫిలిప్పీన్స్ మనకు నేర్పేవి రెండు పాఠాలు. ద్వారం తెరిస్తే వాడ కుర్రవాడు ప్రపంచానికి చేరగలడన్నది మొదటిది. ఆ ద్వారం కప్పు కొరకే తెరిస్తే, విద్యార్థి అంగడి సరుకవుతాడన్నది రెండవది. కొందరు రెండవది చూసి మొదటిదానిని కాదంటారు. బావిలో ఒకడు పడ్డాడని ఊరంతా నీళ్ళు మానుకోరు కదా. బావికి వరలు కట్టుకొంటారు.

మన సంగతి ఏమిటి? మన కళాశాలలో కుర్రవాళ్ళ కోసం ఎవరూ పోటీపడడం లేదు, పోషకులూ లేరు, టెలివిజనూ లేదు. అంతమాత్రాన మనము నిర్దోషులము కాము. ఇక్కడ మా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు.

కొన్ని సంవత్సరాల క్రిందట మా తరగతిలో ఒక విద్యార్థి ఉండేవాడు. తండ్రి ఆటో నడిపేవాడు. కుర్రవాడు ఫుట్‌బాల్ జట్టులో ముందువరుస ఆటగాడు. సాధన మధ్యాహ్నం మూడు గంటలకు మొదలయ్యేది. మా తెలుగు పాఠం చివరి పీరియడ్. పేరు పిలిచినప్పుడు జవాబు రాకపోతే హాజరు పట్టికలో గైర్హాజరు గుర్తు పెట్టడం మా విధి. ఆ విధిని మేము ఒక్కనాడూ తప్పలేదు. ఆ ఏడు జట్టు కప్పు గెలిచింది. ఛాయాచిత్రం తీశారు. ఆ చిత్రంలో ముందువరుస కుర్చీలలో ఒకదానిపై మేమూ కూర్చున్నాము. అదే నెలలో హాజరు చాలనివారి పట్టిక నోటీసు బోర్డుపై అంటించారు. అందులో ఆ కుర్రవాని పేరు ఉన్నది. కండోనేషన్ ఫీజు కట్టడానికి ఇంట్లో డబ్బు లేదు. అతడు పరీక్షకు కూర్చోలేదు. మరల కళాశాలకు రాలేదు.

ఈ మధ్య మా స్కూటరు చెడిపోయి ఒక మెకానిక్ షెడ్డుకు వెళితే అక్కడ అతడే కనబడ్డాడు. నూనె మరకల చేయి గుడ్డతో తుడుచుకొని సలాము చేశాడు. ఎట్లా ఉన్నావని అడిగాము. ‘బాగున్నాను సార్’ అన్నాడు. ఆ తర్వాత అతడు అడిగిన ప్రశ్న ఒక్కటే. ‘సార్, ఈసారి మన టీమ్ ఎట్లా ఉంది?’ డబ్బు ఎంత చెప్పినా తీసుకోలేదు. ఆ ‘మన’ అన్న మాట విన్నప్పటినుంచి ఈ వ్యాసం వ్రాయాలన్న ఆలోచన మమ్ము వదలలేదు. అతడు ఇంకా కళాశాలను తనది అనుకొంటున్నాడు. కళాశాల అతనిని తనవాడు అనుకొన్నదా?

మెకానిక్ వృత్తి తక్కువదని మా ఉద్దేశం కాదు. చెమటోడ్చి సంపాదించే ప్రతి రొట్టే గౌరవప్రదమైనదే. కాని ఆ వృత్తిని అతడు కోరి ఎన్నుకోలేదు. కళాశాల కోసం ఆడిన ఆటకు మూల్యంగా అతని డిగ్రీని మేము తీసుకొన్నాము. నిబంధన ప్రకారమే తీసుకొన్నాము. అందువల్లనే మా మనస్సుకు మరింత బాధ.

ఈ పరిస్థితిని చక్కదిద్దడానికి కోట్ల రూపాయలు అక్కరలేదు. మేము కోరేవి నాలుగే. కళాశాల తరఫున ఆడడానికి, సాధనకు వెళ్ళిన గంటలను హాజరుగా లెక్కించాలి. అట్లా తప్పిపోయిన పాఠాలను ఉదయం వేళనో, సెలవుదినాననో అధ్యాపకులు తిరిగి చెప్పాలి. మా పీరియడ్‌కు సంబంధించినంతవరకు ఈ భారం వహించడానికి మేము సిద్ధము. గాయపడిన క్రీడాకారుని వైద్యఖర్చు కళాశాల భరించాలి. కాలు విరిగిన కుర్రవాని ఇంటికి పరామర్శకు పోయి, చీటీ తండ్రి చేతిలో పెట్టి రావడం సంస్థకు తగిన పని కాదు. ప్రతి సంవత్సరం వార్షిక సంచికలో గెలిచిన కప్పుల పట్టిక ప్రక్కన, ఆ కప్పులు తెచ్చినవారిలో ఎందరు డిగ్రీ పూర్తిచేశారో ఒక పంక్తి అచ్చువేయాలి.

క్రీడాకారునికి మార్కులు దానం చేయమని మేము కోరడం లేదు. అట్టి దానం అతనిని అవమానించడమే అవుతుంది. మైదానంలో ప్రత్యర్థి గోలును దానంగా అడగనివాడు పరీక్షలో మార్కులను దానంగా అడగడు. అతనికి కావలసింది తప్పిపోయిన పాఠం. ఆ పాఠాన్ని తిరిగి చెప్పడం అధ్యాపకుని ధర్మం.

విద్యార్థి మిత్రులారా, మీకూ ఒక మాట. లోయ్‌సాగాకు నాలుగు ఆసియా స్వర్ణాలు వచ్చాయి, మనకెందుకు రావు అని ఎవరూ నిరాశపడవద్దు. ఆడిన ప్రతివాడూ దేశం తరఫున ఆడలేడు. వేయిమందిలో ఒకడికి దక్కే భాగ్యమది. మిగిలిన తొమ్మిదివందల తొంభై తొమ్మిదిమందికి దక్కవలసినది ఆరోగ్యం, స్నేహం, ఓటమిని తలవంచక స్వీకరించే సంస్కారం, చేతిలో ఒక డిగ్రీ. వేయిమందిలో ఒకనిని చూసి దేశాన్ని మెచ్చుకోవచ్చు. కాని మిగిలినవారు ఏమైనారో చూసిన తర్వాతనే కళాశాలను మెచ్చుకోవాలి.

మా స్కూటరు బాగుచేసిన ఆ యువకునికి ఈ సంచిక ప్రతి ఒకటి మేమే స్వయంగా తీసుకువెళ్ళి ఇవ్వదలచాము. అతడు ముందుగా తెరిచేది క్రీడాజట్ల పుటనే అని మాకు తెలుసు. ప్రైవేటుగా పరీక్షకు కట్టే అవకాశాన్ని గురించి కూడ అప్పుడు అతనితో మాట్లాడదలచాము. పుస్తకాలు మావి. పాఠం చెప్పే బాధ్యతా మాది. ఆలస్యమైనదన్న మాట నిజమే. అయినా బాకీ తీర్చవలసిన బాధ్యత తప్పదు.